రెండు గడియారాల తగవు

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం గుడివాడ దగ్గరి పల్లె నుంచి లెక్కల మాస్టారొకరు మా షెడ్డుకి వచ్చారు. కారు దిగుతూనే చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టారు. పైన బాల్ పెన్నుతో పెద్దక్షరాల్లో "పి0016". కింద టైమింగ్ చెయిన్ కిట్టు, టెన్షనరు, గైడ్లు, ఆయిలు, లేబరు, మొత్తం 31 వేల చిల్లర.

"చెయిన్ పోయిందట. నిజమేనా మేస్త్రీ గారూ?"

"ఎవరు చెప్పారండీ?"

"కంప్యూటరే చెప్పిందన్నారు."

కంప్యూటరు ఆ మాట చెప్పలేదు. రెండర్థాల్లోనూ చెప్పలేదు. అనలేదు, అనే శక్తీ దానికి లేదు. చెయిన్ దానికి కనపడదు. ఇంజన్ ముందు భాగంలో అల్యూమినియం కవరు వెనక, ఆయిల్లో తడుస్తూ తిరిగే ఆ చెయిన్ ఎంత అరిగిందో చూసే కన్ను కారులో ఎక్కడా లేదు. మరి కోడ్ ఎందుకొచ్చింది? అది తెలియాలంటే ఇంజన్లో టైమింగ్ అంటే ఏమిటో ఒక్క పది నిమిషాలు ఓపిగ్గా చూడాలి. ఆ పది నిమిషాలు పెట్టని వాళ్లే తర్వాత ముప్ఫై వేలు పెడతారు.

పిస్టన్లు క్రాంకు చెప్పినట్టు పైకీ కిందికీ ఆడతాయి. వాల్వులు క్యామ్ చెప్పినట్టు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. ఈ రెంటినీ జోడెద్దుల్లా కట్టి నడిపేది చెయినో బెల్టో. పాత మారుతి 800లో బెల్టు, తర్వాత వచ్చిన మారుతి కె సిరీస్ ఇంజన్లలో చెయిన్. రెనో 1.5 లీటర్ల డీజిల్లో బెల్టు, ఫియట్ 1.3 మల్టీజెట్‌లో చెయిన్. మీ కారులో ఏముందో ఈ పేజీ తిప్పేలోపు కనుక్కోండి, తర్వాత పనికొస్తుంది.

ఇంజన్‌ని నడిపే కంప్యూటరుకి, అంటే ఈసీయూకి, ఈ తిరుగుడు తెలిసేది సెన్సర్ల వల్ల. క్రాంకుకి ఒక పళ్ల చక్రం ఉంటుంది. చాలా కార్లలో దాని మీద 60 పళ్లకు చోటుంచి, రెండు పళ్లు కావాలనే వదిలేస్తారు. 58 పళ్లు, ఒక ఖాళీ. పన్నుకీ పన్నుకీ మధ్య 6 డిగ్రీలు. ఖాళీ ఎదురైన ప్రతిసారీ ఒక చుట్టు పూర్తయిందని ఈసీయూ లెక్క రాసుకుంటుంది. కానీ ఒకటో సిలిండర్ పిస్టన్ పైకొచ్చింది రవ్వ కోసమా, పొగ బయటికి తోయడానికా? ఆ సంగతి క్రాంకుకి తెలియదు. క్యామ్ సెన్సర్ చెప్పాలి. క్రాంకు ఫలానా పన్ను దగ్గరున్నప్పుడు క్యామ్ ఫలానా చోట ఉండాలని కంపెనీ వాళ్లు ఈసీయూలో ముందే రాసి పెడతారు. ఆ తేడా కొన్ని డిగ్రీలు దాటితే చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. పి0016 అంటే అదే.

మాస్టారికి ఇలా చెప్పాను: "మీ హాల్లో గడియారం పది చూపిస్తోంది, వంటింట్లోది పదీ పది చూపిస్తోంది. తేడా ఉందని చంటిపిల్లాడూ చెబుతాడు. ఏది తప్పో చెప్పమంటే?"

ఆయన గడ్డం నిమురుకుని, "రెండు చరరాశులు, ఒకటే సమీకరణం. సాధించలేం. ఇంకో సమీకరణం కావాలి" అన్నారు.

ఇరవై ఏళ్లుగా కుర్రాళ్లకి పని నేర్పుతున్నాను, ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేకపోయాను. ఇక్కడి నుంచి మనం చేసే ప్రతి పరీక్షా ఆ రెండో సమీకరణం కోసమే.

ముందు కోడ్లన్నీ పూర్తిగా చదవాలి. 2013 తర్వాత వచ్చిన కారైతే స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర 16 కాళ్ల సాకెట్టు ఉంటుంది. దానికి పెట్టే బ్లూటూత్ పరికరాలు చవగ్గానే దొరుకుతున్నాయి. ఈఎల్ఎం327 పేరుతో బజార్లో అమ్మేవాటిలో నకళ్లే ఎక్కువ. అయినా కోడ్ చదవడానికి, లైవ్ డేటా చూడడానికి మీకు సరిపోతాయి. చదివిన ప్రతి కోడూ, పెండింగ్‌లో ఉన్నవి కూడా, ఒక పుస్తకంలో రాసుకోండి. ఒక్కటే చూసి ఆగిపోవడం మా వృత్తిలో పెద్ద జబ్బు.

దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకోవాలి. లైటు వెలిగిన క్షణంలో ఇంజన్ ఎంత స్పీడులో తిరుగుతోంది, ఎంత వేడిగా ఉంది, బండి ఎంత వేగంలో ఉంది అన్నది ఈసీయూ ఫొటో తీసినట్టు దాచుకుంటుంది. కోడ్ ఏం జరిగిందో చెబితే, ఇది ఎప్పుడు జరిగిందో చెబుతుంది. నన్నడిగితే రెండోదే ఎక్కువ విలువైనది.

ఇవి రాసుకునేదాకా క్లియర్ బటన్ నొక్కకండి. నొక్కితే కోడ్‌తోపాటు ఆ ఫొటో కూడా చెరిగిపోతుంది. ఈసీయూ తనకు తాను చేసుకునే పరీక్షలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. (సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. లైటు లేదు కదా అని మురిసిపోకుండా స్కానర్లో రెడీనెస్ పేజీ చూడండి. పరీక్షలన్నీ "పూర్తి కాలేదు" అని ఉంటే, ఆ పొద్దునే ఎవరో బటన్ నొక్కి ఉండొచ్చు.)

మాస్టారి కారుకి నా స్కానర్ పెట్టేసరికి పి0016 పక్కన ఇంకొకటి కనపడింది. పి0341. కాగితం రాసినవాళ్లు దాన్ని వదిలేశారు.

టైమింగ్ కోడ్లలో మూడు రకాల మాటలుంటాయి. పి0335, పి0336 క్రాంకు సెన్సర్ గురించి, పి0340, పి0341 క్యామ్ సెన్సర్ గురించి. సిగ్నలే రావడం లేదనో, వచ్చేది తిన్నగా లేదనో వీటి గొడవ. పి0010 నుంచి పి0015 దాకా ఉన్నవి వీవీటీ గొడవలు. క్యామ్‌ని కాస్త ముందుకో వెనక్కో తిప్పమంటే మాట వినడం లేదని, లేదా తిప్పే సోలినాయిడ్ సర్క్యూటే బాగాలేదని. పి0016 నుంచి పి0019 దాకా ఉన్నవి పైన చెప్పిన గడియారాల తగవు. ఇన్‌టేక్ క్యామా, ఎగ్జాస్ట్ క్యామా, ఏ వైపు సిలిండర్లు అన్నదే వాటిలో తేడా. మన రోడ్ల మీది మామూలు నాలుగు సిలిండర్ల కారుకి రెండో వైపంటూ ఉండదు కాబట్టి 16, 17 గుర్తుంటే చాలు.

సెన్సర్ కోడూ, తగవు కోడూ కలిసి వస్తే ముందు సెన్సర్ సంగతి తేల్చాలి. సాక్షి మాటే తడబడుతున్నప్పుడు ఆ సాక్ష్యం మీద తీర్పేమిటి?

మాస్టారి ఫ్రీజ్ ఫ్రేమ్‌లో బండి వేగం 38, ఇంజన్ 1,900, వేడి 91 డిగ్రీలు. ఐడిల్లో రాలేదు, పొద్దున చల్లగా స్టార్ట్ చేసినప్పుడు రాలేదు. బాగా వేడెక్కి, రోడ్డు మీద పోతున్నప్పుడు వచ్చింది. "ఎక్కడ వెలిగిందండీ లైటు?" అని అడిగితే కరకట్ట రోడ్డు మీద గుంతల్లో అన్నారు. రెండుసార్లూ అక్కడే.

బానెట్ ఎత్తాక ఎవరి చెయ్యయినా సెన్సర్ మీదికే పోతుంది. అంతకంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. ఆయిల్ గేజి తీసి తుడిచి మళ్లీ ముంచి చూడండి. క్యామ్‌ని ముందుకీ వెనక్కీ తిప్పే వీవీటీ నడిచేది ఇంజన్ ఆయిల్ ప్రెషర్ మీద. చెయిన్‌ని బిగువుగా నొక్కి ఉంచే టెన్షనరు కూడా చాలా ఇంజన్లలో ఆ ప్రెషర్ మీదే బతుకుతుంది. గేజి మీద ఆయిలు కింది గీత దాటి అడుగంటి ఉన్నా, తారులా నల్లబడి జిగటగా ఉన్నా, పలచని ఆయిల్ వాడాల్సిన ఇంజన్లో "చిక్కగా ఉంటే మంచిది" అని ఎవరో 20డబ్ల్యూ-50 పోసినా టైమింగ్ కోడ్లు రావచ్చు. మాన్యువల్లో రాసిన గ్రేడు వదిలేసి ఎదురింటి వాళ్ల సలహా పోస్తారు కొందరు. ఆయిలూ ఫిల్టరూ మార్చి, కోడ్ చెరిపి, వారం నడిపి చూడడం ఈ సందర్భంలో వైద్యమూ అవుతుంది, పరీక్షా అవుతుంది.

రెండోది బ్యాటరీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఓల్టేజి 9.6 కంటే కిందికి జారుతుంటే ఈసీయూ తికమకపడి, లేని జబ్బులు కూడా రాస్తుంది. మీటరు పెట్టి చూడడానికి అర నిమిషం చాలు.

మాస్టారి కారులో ఆ రెండూ బాగానే ఉన్నాయి. ఇక సెన్సర్.

క్యామ్ సెన్సర్లు చాలావరకు మూడు వైర్ల హాల్ రకం. ఒకటి కరెంటు (5 ఓల్టులు, కొన్నిటికి 12), ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. ఇక్కడ చాలామంది చేసే తప్పొకటుంది. కనెక్టర్ పీకేసి, మీటరు పుల్లలు పెట్టి, "ఐదు ఓల్టులు వస్తున్నాయి, వైరింగ్ బాగుంది, సెన్సరే పోయింది" అనేస్తారు. కనెక్టర్ పీకాక అందులోంచి కరెంటు పారదు. సగం తెగిన వైరు కూడా అప్పుడు నిండు ఐదు చూపిస్తుంది. కాబట్టి కనెక్టర్ పెట్టే ఉంచి, వెనక రబ్బరు పక్కనుంచి సన్నని గుండుసూది జారవిడిచి, సూది మీద కొలవాలి. రెండు సూదులు ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి, తగిలితే కొత్త రోగం తెచ్చిపెట్టినట్టే. ఎర్త్ కూడా అలాగే. మీటరు ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఎర్త్ సూది మీద పెట్టి, తాళం ఆన్ చేసి చూస్తే దాదాపు సున్నా రావాలి. 0.1 దాటిందంటే ఎర్త్ దారిలో ఎక్కడో తుప్పో వదులో ఉంది.

నేను సూది పెట్టాను. 4.98. తాళం ఆన్‌లో ఉంది, ఇంజన్ ఆఫ్. మా కుర్రాణ్ని వైరింగ్ గుత్తిని చేత్తో పట్టుకుని, చివరి నుంచి జానెడు జానెడు చొప్పున మెల్లగా కదుపుతూ రమ్మన్నాను. మాస్టారు మీటరు వైపే చూస్తున్నారు. 4.98, 4.98, 4.97. కుర్రాడి చెయ్యి బ్యాటరీ ట్రే పక్కకు వచ్చింది. 1.7. మళ్లీ 4.98. మళ్లీ 1.2.

"అక్కడ ఆపు" అన్నాను. మాస్టారు కూడా నాతోపాటే అన్నారు.

ఆ జాగాలో నల్లటి ముడతల గొట్టం విప్పితే లోపల వడ్ల పొట్టు, ఎలుక పెంటికలు. మూడు వైర్లలో రెండింటికి తోలు లేదు. ఒకదాని రాగి పోగులు తెగి, ఆకుపచ్చ చిలుము పట్టి, కొన ఊపిరితో ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. బండి నిలబడి ఉంటే అంటుకుంటాయి, గుంతలో పడితే విడిపోతాయి. విడిపోయిన ఆ రెప్పపాటులో క్యామ్ గడియారం ఆగుతుంది, ఈసీయూ పుస్తకంలో తగవు నమోదవుతుంది. కారు ఎక్కడ పెడతారని అడిగితే, "మా అన్నయ్య వాళ్ల ధాన్యం బస్తాల పక్కనండీ" అన్నారాయన, తప్పు చేసినవాడిలా.

చెడిన ముక్క కోసేసి, కొత్త వైరు సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ గొట్టం వేసి, పైన టేపు చుట్టాం. కోడ్లు చెరిపి అదే కరకట్ట మీద ఒక చుట్టు తిప్పి తెచ్చాం. రాలేదు. నేను తీసుకున్నది 600. ఆయన వెయ్యి ఇవ్వబోయారు. చిల్లర ఇచ్చేశాను, పిల్లలకి మీ లెక్కల క్లాసులో ఈ ఉదాహరణ చెప్పమన్నాను.

అలాగని ప్రతి పి0016 వెనకా ఎలుకే ఉంటుందనుకుంటే అదీ జోస్యమే. కోడ్ ఒక్కటీ చూసి చెయిన్ అన్నవాడికీ, ఎలుక అన్నవాడికీ తేడా లేదు.

వీవీటీ కోడ్ల గురించి ఎక్కువ చెప్పను, వాటి దారి సులువు. పి0011 వస్తే ముందు ఆయిల్, తర్వాత ఆయిల్ కంట్రోల్ వాల్వు (పైన చెప్పిన సోలినాయిడ్ దీనిదే). స్కానర్ లైవ్ డేటాలో క్యామ్ ఎక్కడికి పోవాలని ఈసీయూ అడుగుతోందో, నిజంగా ఎక్కడుందో రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకోండి. అడిగేది 20 డిగ్రీలు, ఉన్నది 0 అయితే మాట వినడం లేదు. అడిగేది 0, ఉన్నది 15 అయితే వాల్వు తెరుచుకునే ఇరుక్కుని ఉండొచ్చు. అలాంటప్పుడు ఐడిల్లో ఇంజన్ వణుకుతుంది. వాల్వు విప్పితే దాని సన్నని జల్లెడలో మడ్డి కనపడుతుంది. రెండు క్యాములకీ వీవీటీ ఉండి, రెండు వాల్వుల పార్ట్ నంబరూ ఒకటే అయితే ఒక చిట్కా ఉంది. రెండిటినీ అటూ ఇటూ మార్చి పెట్టండి. పి0011 పోయి పి0014 వచ్చిందా, వాల్వుదే తప్పు. కోడ్ కదలకుండా అక్కడే కూర్చుందా, వాల్వు నిర్దోషి, క్యామ్‌ని తిప్పే ఫేజరో, ఆయిల్ దారో చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష. నా లెక్కన ఈ పుస్తకంలోకెల్లా తీయనిది.

ఇక నిజంగా చెయిన్ పోయిన కారు కథ.

అద్దెకు తిప్పే కారు, లక్షా అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. దాన్ని నడిపే కుర్రాడు నూజివీడు వైపు వాడు, వచ్చేసరికే విసిగిపోయి ఉన్నాడు. "అన్నా, క్యామ్ సెన్సర్ మార్చారు, క్రాంకు సెన్సర్ మార్చారు, ఆ ఆయిల్ వాల్వు కూడా మార్చారు. వారం తిరక్కుండా మళ్లీ అదే లైటు." ఆ పాత సెన్సర్లు డిక్కీలో కవర్లో పెట్టి ఉంచాడు. రెండూ పరీక్షించాను. రెండూ బాగున్నాయి.

అతని కోడ్ పి0016 ఒక్కటే. పక్కన సెన్సర్ కోడ్ లేదు. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఏమైనా శబ్దం వస్తోందా అని అడిగితే, "రెండు సెకన్లు గలగలమంటుంది, తర్వాత మామూలే" అన్నాడు. రాత్రంతా నిలబడితే టెన్షనరులో ఆయిలు దిగిపోతుంది. మళ్లీ ప్రెషర్ అందుకునేలోపు వదులైన చెయిన్ గైడ్లను కొడుతుంది. ఆ గలగల అదే. అయినా దాన్ని నమ్మి కవరు విప్పకూడదు, అది కూడా ఒకే ఒక్క సాక్ష్యం.

లైవ్ డేటాలో ఐడిల్ దగ్గర ఈసీయూ అడిగేది సున్నా, ఉన్నది క్రాంకు లెక్కలో 9 డిగ్రీల తేడా. ఇంజన్ చల్లగా ఉన్నా 9, వేడెక్కినా 9, బండి ఊపినా 9. వైరు చెడితే అంకె గంతులేస్తుంది. ఇక్కడ అది బండరాయిలా కూర్చుంది. ఇప్పుడు చిన్న లెక్క. ఆ ఇంజన్లో క్రాంకు పళ్లచక్రానికి 18 పళ్లు. 360ని 18తో భాగిస్తే 20. అంటే చెయిన్ ఒక పన్ను దూకి ఉంటే తేడా 20 డిగ్రీలు రావాలి. వచ్చింది 9. పన్ను దూకలేదు, చెయిన్ పొడవు పెరిగింది. (మీ స్కానర్ క్యామ్ డిగ్రీలు చూపిస్తోందా, క్రాంకు డిగ్రీలా అన్నది ముందు తేల్చుకోండి. క్యామ్ సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి ఒకే పన్ను ఒక లెక్కలో 10, ఇంకో లెక్కలో 20.)

చెయిన్ సాగిందంటాం గానీ ఇనుము రబ్బరులా సాగదు. ఒక్కో లింకులో పిన్నూ దాని చుట్టూ ఉన్న బుష్షూ అరుగుతాయి. లింకుకి మిల్లీమీటరులో యాభయ్యో వంతు అరిగినా, 150 లింకులుంటే మొత్తం మూడు మిల్లీమీటర్లు. ఆయిల్ మార్పు వాయిదా వేసిన ప్రతి నెలా ఈ లెక్కలో కలుస్తుంది. ఆ కుర్రాడు 10 వేలకు మార్చాల్సిన ఆయిల్ని 18, 20 వేల దాకా లాగేవాడు.

అప్పుడు టాపెట్ కవరు విప్పాం. బ్యాటరీ మైనస్ తీసేసి, ప్లగ్గులు విప్పి, క్రాంకు పుల్లీ బోల్టుకి పానా వేసి, ఇంజన్ తిరిగే దిక్కుకే చేత్తో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పి, ఒకటో సిలిండర్ పైకొచ్చిన గుర్తు దగ్గర ఆపాం. క్రాంకు గుర్తు సరిగ్గా నిలబడింది. క్యామ్ గుర్తు అర పన్ను వెనకబడి ఉంది. టెన్షనరు పిస్టన్ దాదాపు చివరిదాకా బయటికొచ్చేసి ఉంది. ఇప్పుడు మూడు సాక్ష్యాలు ఒకే మాట మీదున్నాయి. ఇప్పుడు రాయొచ్చు చెయిన్ కిట్టు బిల్లు.

ఒక హెచ్చరిక. వెనక్కి తిప్పకండి, ముఖ్యంగా బెల్టు ఇంజన్‌ని. టెన్షనరు వైపు వదులొచ్చి, బాగున్నది కూడా పన్ను దూకే ప్రమాదముంది. చాలా ఇంజన్లలో టైమింగ్ బాగా తప్పితే పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వులను కొడతాయి, వాల్వులు వంగుతాయి, అప్పుడు ముప్ఫై వేల పని డెబ్బై వేలవుతుంది. లైటు వెలిగి, దాంతోపాటు లాగుడు ఒక్కసారిగా పడిపోతే, మిస్ కొడుతుంటే, సెల్ఫ్ మామూలు కంటే తేలిగ్గా గిర్రున తిరుగుతుంటే, ఇంక ఒక్కసారి కూడా స్టార్ట్ చేయకండి. తాడు కట్టి లాక్కురండి. బెల్టు ఇంజన్లకి కిలోమీటర్ల గడువుతోపాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది. తిప్పకపోయినా రబ్బరు ముదురుతుంది.

ఇవన్నీ మీరే చేయనక్కర్లేదు. గేజి, కోడ్లు, ఫ్రీజ్ ఫ్రేమ్, పొద్దుటి శబ్దం, ఈ నాలుగూ చూసి రాసుకుంటే చాలు. షెడ్డుకెళ్లి "చెక్ ఇంజన్ లైటొచ్చింది, చూడండి" అంటే అవతలి మనిషి తన అలవాటు ప్రకారం చూస్తాడు. "పి0016 ఒక్కటే వచ్చింది, ఐడిల్లో, చల్లగా ఉన్నప్పుడు, స్టార్టింగ్‌లో రెండు సెకన్ల శబ్దం ఉంది, ఆయిల్ నిండుగా ఉంది" అంటే అదే మనిషి స్టూలు లాక్కుని కూర్చుంటాడు. చెయిన్ అంటే, "క్యామ్, క్రాంకు గుర్తులు ఎంత తప్పాయో విప్పాక నాకు చూపిస్తారా?" అని అడగండి. సెన్సర్ అంటే, "కనెక్టర్ పెట్టి ఉంచి కొలిచారా?" అని అడగండి. గొంతులో అనుమానం లేకుండా, నేర్చుకునేవాడిలా అడగాలి. మంచి మేస్త్రీకి ఆ ప్రశ్న ఇష్టం. కోపం వచ్చిందంటే, మీ కారు తాళం మీ చేతిలోనే ఉంది కదా.

ఆ అద్దె కారు పని మూడో రోజు సాయంత్రానికి అయింది. పాత గైడ్ల ప్లాస్టిక్ ముక్కలు ఆయిల్ సంపులో దొరికితే అవి కూడా కడిగి తీశాం. గుర్తులు రెండుసార్లు చూశాను, చేత్తో తిప్పి మూడోసారి చూశాను. స్టార్ట్ చేస్తే గలగల లేదు. లైవ్ డేటాలో 9 పోయి సున్నా పక్కన అర. కుర్రాడు దండం పెట్టి వెళ్లాడు. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్. "అన్నా, వారధి దాటానో లేదో లైటొచ్చింది."

అతను తిరిగొచ్చేలోపు నాకు చెమటలు పట్టాయి. పన్ను తప్పు వేశానా? టెన్షనరు పిన్ను తీయడం మరిచానా? కారు షెడ్డులోకి రాగానే బానెట్ ఎత్తి, పానా తీసుకుని, కవరు మొదటి బోల్టు మీద పెట్టాను కూడా. పక్కన టార్చి పట్టుకున్న మా కుర్రాడు నెమ్మదిగా అన్నాడు, "బాబాయ్, కోడ్ చదవలేదింకా."

చదివితే పి0315. క్రాంకు పళ్లచక్రం తిరుగుడులోని చిన్న చిన్న తేడాలను ఈసీయూ కొత్తగా నేర్చుకోలేదని దాని అర్థం. కొన్ని కార్లలో చెయినో క్రాంకు సెన్సరో మార్చాక స్కానర్‌తో ఆ పాఠం మళ్లీ చెప్పించాలి. హడావుడిలో నేను మరిచింది అదొక్కటే. పానా బల్ల మీద పెట్టి, స్కానర్లో రీలెర్న్ నొక్కి, అది చెప్పినట్టు ఇంజన్ వేడెక్కనిచ్చి, యాక్సిలరేటర్ తొక్కి వదిలితే పది నిమిషాల్లో లైటు ఆరిపోయింది. టీ మాత్రం ఆ రాత్రి మా కుర్రాడికి నేనే తెచ్చిచ్చాను.